పది గంటల రేవు

బెలోబ్రెగ్
14 సెప్టెంబరు 2003

నా బంగారు నెవేనా,

ఊరంతా ఎర్ర మిరపకాయలు కాలుతున్న వాసన. ఈ కాగితానికి కూడా పట్టే ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుని చూడు. పెరటి పెరటికీ ఒక కాగు, కాగు కాగుకీ కుతకుతలాడే పచ్చడి. గ్రాజ్‌లో, ఆ పరాయి దేశంలో మీరు సీసాలో కొనుక్కునే పచ్చడి కాదమ్మా ఇది, చేతులు మండించుకుని చేసేది.

కాగులు పొయ్యి ఎక్కాయంటే మా వార్డు నిండుతుంది. నలభై ఏళ్ళు నర్సుగా చేసి దిగిపోయాను గానీ, పొద్దున్నే కాళ్ళు నన్ను అడక్కుండానే ఆసుపత్రి వైపు నడుస్తాయి. ఇప్పుడు సూదులూ లేవు, టోపీ లేదు. పిల్లలకు కథలు చెప్పే అమ్మమ్మని. ఇప్పటికే కాలిన పిల్లలు పద్నాలుగు మంది. అందులో రలిత్సా అని ఆరేళ్ళ పిల్ల, పచ్చడి కాగు ఒరిగి ఎడమ కాలు తొడదాకా కాలింది. మామూలుగా గలగలా మాట్లాడుతుంది. పది గంటలకు కట్లు మార్చే బండి చప్పుడు వినిపించగానే నోరు కుట్టేసినట్టు మూసుకుంటుంది. మళ్ళీ మధ్యాహ్నం దాకా మాట లేదు.

వాళ్ళకు నేను చెప్పే కథ ఏమిటంటే, మా వార్డు ఒక పడవ. దాన్యూబ్ మీద మెల్లగా సముద్రం వైపు పోతూ ఉంటుంది. పది గంటలకు ఒక రేవు వస్తుంది. అది చెడ్డ రేవు, ఎవరూ దిగకూడదు, పళ్ళు బిగబట్టి దాటెయ్యాలి. పొగమంచు ఉన్న రోజు కిటికీలోంచి చూస్తే నాకే నమ్మకం కలుగుతుంది, ఒడ్డు కదులుతున్నట్టే ఉంటుంది.

నొప్పి తగ్గే మందు ముందే ఇవ్వొచ్చు కదా అని డాక్టర్ పెంచెవ్‌ను మళ్ళీ అడిగాను. "స్తోయాంకా, అలా ఇవ్వాలని రూలేదీ లేదు. పిల్లలు ఏడిస్తే ఊపిరితిత్తులకు మంచిదే" అన్నాడు. మరి నీ పన్ను పీకినప్పుడు నువ్వెందుకు మందు అడిగావయ్యా అన్నాను. నవ్వి వెళ్ళిపోయాడు.

నువ్వు పంపిన మీ ఆఫీసు హెడ్విగ్ వచ్చింది, కెమెరా పెట్టెతో సహా. తాటిచెట్టంత మనిషి. మన భాష క్యాసెట్లు విని నేర్చుకుందట, ప్రతి మాటా ఇస్త్రీ చేసి మాట్లాడుతుంది. నాకు నచ్చింది. ఇంటికొచ్చిన అతిథి తికమక పడకూడదని పిల్లలకు కాస్త మర్యాదలు నేర్పుతున్నాను. ఇంతకీ ఈ సినిమా ఎందుకే?

నీ నుదుటిమీద ముద్దు పెట్టి,
పెద్దమ్మ

*

గ్రాజ్
25 సెప్టెంబరు 2003

పెద్దమ్మా,

నిజంగానే వాసన వచ్చింది. ఉత్తరం మడత విప్పగానే నా పక్క బల్ల ఆవిడ తలెత్తి చూసింది.

సినిమా ఎందుకో చెబుతాను, శ్రద్ధగా విను. మీ వార్డులోనూ మరో మూడు ఊళ్ళలోనూ కట్టు మార్చిన ప్రతి పిల్లనీ హెడ్విగ్‌ గానీ ఆమె తోటివాళ్ళు గానీ ఒకే ప్రశ్న అడుగుతారు. "నొప్పి పుట్టిందా?" అంతే. ఆ సమయంలో రలిత్సాలాంటి పిల్లలు చాలామంది నోరు విప్పరు, అందుకే తలతో చెప్పమంటాం. ఇక్కడ ఇద్దరు అమ్మాయిలు క్యాసెట్లు చూసి జవాబులు రాస్తారు. మధ్యలో ఎవరి అభిప్రాయమూ దూరదు. డిసెంబరు పద్దెనిమిదిన సోఫియాలో ఆరోగ్య కమిషన్ కూర్చుంటుంది. నొప్పి ఉందని మనం చూపించగలిగితే బల్గేరియా అంతటా ప్రతి పిల్లల వార్డులోనూ కట్టు విప్పే ముందు మందు ఇచ్చి తీరాలని రూలు వస్తుంది. పెంచెవ్ గారు ఊపిరితిత్తుల మాట మరిచిపోవలసిందే.

కాబట్టి మధ్యలో కలగజేసుకోకు. నువ్వు కలగజేసుకుంటావని తెలిసే చెబుతున్నాను. మర్యాదలు నేర్పితే నేర్పు, మొహాలు కడిగి ఉంటే కెమెరాలో బాగుంటుంది.

పన్నెండేళ్ళ కింద ఇక్కడికొచ్చిన కొత్తలో రొట్టెల కొట్టావిడ "ఇది కావాలా?" అంటే నేను మన బల్గేరియా పద్ధతిలో తల అటూ ఇటూ అడ్డంగా ఊపేదాన్ని. కావాలని. ఆవిడ రొట్టె లోపల పెట్టేసేది. "ఇంకేమీ వద్దా?" అంటే చటుక్కున తల పైకెత్తేదాన్ని, వద్దని. ఆవిడ ఇంకోటి సంచిలో వేసేది! వారం రోజులు ఇష్టం లేని గసగసాల రొట్టె తిన్నాను. నువ్వు తెగ నవ్వావు ఆ ఉత్తరం చదివి. ఇప్పుడు నా తల ఇక్కడి తలైపోయింది, అద్దంలో చూసుకుంటే ఒక్కోసారి దిగులేస్తుంది.

హెడ్విగ్‌కు మరీ ఎక్కువ తినిపించకు.

నీ
నెవేనా

*

బెలోబ్రెగ్
10 అక్టోబరు 2003

నెవేనా తల్లీ,

నాలుగు రోజులుగా పొగమంచు వీడలేదు. నది లేదు, అవతలి ఒడ్డు లేదు, మన వీధి చివర చర్చి కూడా లేదు. నిన్న మధ్యాహ్నం కుర్చీలోనే కునుకు పట్టి కలొచ్చింది. మీ అమ్మ పడవ అంచున కూర్చుని మిరపకాయలు ఒలుస్తోంది. తొక్కలు నీళ్ళలో పడి ఎర్రచేపలై పోతున్నాయి. "అక్కా, పిల్ల తిందా?" అంది. ఏ పిల్ల అని అడిగేలోపు మెలకువ వచ్చింది. చచ్చిపోయి తొమ్మిదేళ్ళయినా దానికి నీ తిండి గోలే.

హెడ్విగ్ వెళ్ళిపోయింది. మూడు సీసాల పచ్చడి మోసుకుపోతూ గుమ్మంలో ఏడ్చింది. అంత పెద్ద మనిషి ఏడుస్తుంటే ఎక్కడ పట్టుకుని ఓదార్చాలో తెలియలేదు, మోచేయి పట్టుకున్నాను.

రలిత్సా కాలు నెమ్మదిగా మానుతోంది. క్రిస్మస్‌కు ఇంటికి పంపి, మళ్ళీ ఫిబ్రవరిలో కొత్త చర్మం వేస్తారట. అప్పుడు మళ్ళీ కట్లు, మళ్ళీ పది గంటల రేవు. దానికి మాటిచ్చేశాను నెవేనా. "గ్రాజ్‌లో మా అమ్మాయి నీ సినిమా చూస్తుంది, చూసి మందు పంపిస్తుంది" అన్నాను. "ఎప్పుడూ?" అంది. "నువ్వు మళ్ళీ వచ్చేసరికి" అన్నాను. తప్పయితే తిట్టు, మాట మాత్రం జారిపోయింది.

నీ కోసం ఉలవల రంగు దుప్పటి ఒకటి అల్లుతున్నాను. నవ్వకు.

పెద్దమ్మ

*

గ్రాజ్
20 నవంబరు 2003

పెద్దమ్మా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

మీ వార్డు లెక్కలు వచ్చాయి. అరవై రెండు మంది పిల్లల్లో యాభై ఒక్కరు నొప్పి పుట్టలేదన్నారు. మిగతా మూడు ఊళ్ళలో దాదాపు అందరూ పుట్టిందన్నారు. మీ ఊరొక్కటే ఇలా. నేను స్వయంగా ఇరవై క్యాసెట్లు చూశాను. ఏడ్చి ఎర్రబడిన మొహాలే, కానీ అడిగితే జవాబు మాత్రం అదే.

మా సంస్థ డైరెక్టర్ మహా ఆనందంగా ఉన్నాడు. మీ ఊళ్ళో ఉండి మిగతా చోట్ల లేనిది ఏమిటని ఆలోచిస్తే ఒక్కటే తేలింది: నువ్వు. నీ పడవ కథ. నివేదికలో ఒక పేజీ నిండా నీ గురించే ఉంది. మందు లేకుండానే కథతో నొప్పి మరిపించవచ్చని రాశారు. కమిషన్‌కు ఇది బాగా నచ్చుతుందట. ప్రతి వార్డుకూ మందు కొనడం కంటే ప్రతి వార్డుకూ ఒక అమ్మమ్మను వెతకడం తేలిక కదా. ఆ కథ అంతా కాగితం మీద పెట్టి పంపు. నిన్ను సోఫియాకు పిలుస్తారేమో కూడా.

గర్వపడాలో లేదో తెలియడం లేదు. రలిత్సాకు నువ్విచ్చిన మాట గుర్తుంది. కానీ అంకెలు చెప్పిందే నేను రాయాలి కదా.

నెవేనా

*

బెలోబ్రెగ్
29 నవంబరు 2003

నెవేనా,

ముద్దులూ గిద్దులూ ఈసారి లేవు.

నా కథ మందు కాదు. నా కథ పిచ్చి కథ. భయపడుతున్న పిల్లలతో ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి మాట్లాడతాను, అంతే. దాన్ని అడ్డం పెట్టుకుని మందు ఎగ్గొడతారా? నా పేరు మీద? ఆ పేజీ చింపెయ్యమని మీ డైరెక్టర్‌కు చెప్పు, లేకపోతే నేనే రైలెక్కి వచ్చి చింపుతాను.

రలిత్సా అబద్ధమాడిందంటావా? కట్టు విప్పుతున్నప్పుడు నా వేళ్ళు దాని గుప్పిట్లో ఉన్నాయి. మూడు రోజులు అల్లిక సూది పట్టుకోలేకపోయాను. దుప్పటి అంచు పళ్ళతో కొరికేసింది, ఆ దుప్పటి ఇంకా నా దగ్గరుంది, కావాలంటే అది కూడా మీ కమిషన్‌కు పంపుతాను. నువ్వు క్యాసెట్ చూశానంటున్నావు. ఏం చూశావమ్మా? హెడ్విగ్ అడగ్గానే ఆ పిల్ల తల కిందికీ పైకీ, కిందికీ పైకీ, కోడిపిల్ల గింజలు ఏరినట్టు ఊపింది. అచ్చం నేను నేర్పినట్టే. పాపం హెడ్విగ్ మన తలలు చూసి మొదటి వారం ఎంత అవస్థ పడిందో! అవునంటే కాదనుకుని, కాదంటే అవుననుకుని. అందుకే కదా పిల్లలను కూర్చోబెట్టి "అవునంటే ఇలా కిందికి, వాళ్ళ దేశం పద్ధతి, అతిథి ముందు అతిథిలా ఊపాలి" అని ఆటలాగా నేర్పాను. అంత శ్రద్ధగా ఊపిన పిల్లను పట్టుకుని నొప్పి లేదందంటావా?

కోపంలో రాస్తున్నాను. ఉన్నమాటే రాస్తున్నాను.

స్తోయాంకా

*

గ్రాజ్
6 డిసెంబరు 2003

పెద్దమ్మా,

నీ ఉత్తరం మెట్ల మీదే చదివాను.

క్యాసెట్లు చూసే అమ్మాయిలకు మొదటి రోజే నేను ఒక కాగితం ఇచ్చాను. "బల్గేరియా పిల్లలు తల అడ్డంగా ఊపితే అవును, నిలువుగా ఊపితే కాదు. తిప్పి రాయండి" అని. మన తలలు నాకు తెలుసునని ఎంత గర్వమో! వాళ్ళు తిప్పి రాశారు. అక్కడ నువ్వు ముందే తిప్పేశావు. రలిత్సా అవునంది, నేను కాదని రాయించాను.

పిల్లలందరికీ నేర్పావా? ఎవరికి నేర్పావు, ఎవరికి లేదు? ఏ రోజు నుంచి? వెంటనే రాయి. ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి.

ఇవాళ పండగ కదా, మీరంతా చేప వండుకుని ఉంటారు. నాకు అన్నం సహించలేదు. తప్పు నీది కాదు, ఆ ఒక్క మాట ముందు రాస్తే బాగుండేది.

నెవేనా

*

బెలోబ్రెగ్
11 డిసెంబరు 2003

తల్లీ,

తప్పు నాదే. నువ్వు కలగజేసుకోకు అన్నావు. నేను దాన్ని కలగజేసుకోవడం అనుకోలేదు, మర్యాద అనుకున్నాను.

కళ్ళు మూసుకుని మనసులోనే మంచం మంచం తిరిగాను. మొదటి వారం వచ్చినవాళ్ళకు నేర్పలేదు. ఆ తరవాత నాలుగేళ్ళు దాటినవాళ్ళందరికీ నేర్పాను. చిన్నవాళ్ళు మాత్రం ఒకసారి అలా, ఒకసారి ఇలా ఊపేవాళ్ళు. ఇవో అనే పిల్లాడైతే నవ్వు తెప్పించడానికి గుండ్రంగా తిప్పేవాడు. ఎవరిది ఏదో గట్టిగా ఒట్టేసి చెప్పమంటే ఇరవై మంది దాకా చెప్పగలను.

కానీ ఇదంతా ఎందుకే? మొత్తం తిరగెయ్యి. చొక్కా తిరగేసినట్టు తిరగెయ్యి. కాదన్నవన్నీ అవునని రాసెయ్యి. నిజం అదే కదా, నేను కళ్ళారా చూశాను. రూలు ఈ నెలలోనే వచ్చేస్తుంది. ఫిబ్రవరిలో రలిత్సా తిరిగొచ్చేసరికి మందు ఉంటుంది. ఎవరికి తెలుస్తుంది? తెలిసింది మనిద్దరికే.

నిద్రలో ఆ పిల్ల నన్ను "ఎప్పుడూ?" అని అడుగుతూనే ఉంది. ఆలస్యం చెయ్యకు.

పెద్దమ్మ

*

సోఫియా
19 డిసెంబరు 2003

పెద్దమ్మా,

రైల్వేస్టేషన్ బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. బయట మంచు పడుతోంది, దీపాలన్నీ దూది చుట్టుకున్నట్టున్నాయి. ఊరు ఊరంతా సగం నిద్రలో ఉన్నట్టుంది, నేనూ అంతే.

నేను తిరగెయ్యలేదు.

సంగతి చెప్పగానే మా డైరెక్టర్ కూడా నీ మాటే అన్నాడు. "తిప్పి రాసెయ్యండి, పని అయిపోతుంది" అని. ఒక్క గీత గీస్తే చాలు, నీ మాట నిలబడుతుంది. కానీ చిన్నవాళ్ళ సంగతి నీకే తెలియదన్నావు. నాకు కావలసిన జవాబు వచ్చేదాకా తలలు తిప్పుతూ పోతే, రేపు ఇంకొకరు తమకు కావలసినట్టు తిప్పుతారు. నీ కథ పేరు చెప్పి మందు ఎగ్గొట్టడానికి తయారైనవాళ్ళు ఉన్నారుగా. ఇప్పుడు మనం అబద్ధంతో తెచ్చిన రూలును ఎవరైనా ఒక్క క్యాసెట్ చూసి కొట్టేస్తే, ఆ తరవాత మన పిల్లల నొప్పి మాట ఎవరు వింటారు?

నిన్న కమిషన్ ముందు లేచి నిలబడి చెప్పేశాను. ఆ వార్డులో మా పెద్దమ్మ తలలు ఒకసారి తిప్పింది, గ్రాజ్‌లో నేను రెండోసారి తిప్పాను, కాబట్టి ఆ అరవై రెండు జవాబులూ పనికిరావని. ముందు ఒకాయన నవ్వాడు. తరవాత అందరూ నవ్వారు. అధ్యక్షురాలు ముసలావిడ, ఆవిడ మాత్రం నవ్వలేదు. "అయితే నువ్వు చెప్పేదేమిటమ్మాయ్? ఆ ఊరి పిల్లలకు నొప్పి ఉందా, లేదా?" అంది. "నాకు తెలియదండీ. మళ్ళీ అడగాలి. ఈసారి నోటితో చెప్పేదాకా ఆగి అడగాలి" అన్నాను. తెలియదు అన్నమాట నా నోట్లోంచి వస్తుంటే నీ వేళ్ళూ, ఆ పిల్ల గుప్పిటా కళ్ళ ముందే ఉన్నాయి.

నిర్ణయం వాయిదా పడింది. పెంచెవ్ గారికి కూడా సంగతి వెళ్ళింది. నిన్ను వార్డులోకి రానివ్వరేమో. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, ఉత్తరం మాత్రం రాయి.

నెవేనా

*

గ్రాజ్
12 ఫిబ్రవరి 2004

పెద్దమ్మా,

ఇది నీ జవాబు లేని నాలుగో ఉత్తరం. పోస్టుమాన్ నన్ను చూసి ముందే ఖాళీ చేతులు చూపిస్తున్నాడు.

కమిషన్ నుంచి కాగితం వచ్చింది. రూలు ఇంకా రాలేదు. కానీ నాలుగు వార్డుల్లోనూ మూడు నెలల పాటు కట్టు విప్పడానికి అరగంట ముందు మందు ఇచ్చి, పిల్లలను మళ్ళీ అడగమన్నారు. నోటితో. మూడు నెలల తరవాత జవాబులు చూసి దేశమంతటికీ తేలుస్తారు. అందులో మీ వార్డు కూడా ఉంది. హెడ్విగ్ వస్తోంది. మా డైరెక్టర్ నాతో మాట్లాడటం మానేశాడు, నేనూ ఇబ్బంది పడటం మానేశాను.

రలిత్సా వచ్చిందా? దానికి నేను అబద్ధం పంపలేదని ఎప్పటికైనా అర్థమవుతుందా?

నీ మౌనం భరించలేకుండా ఉన్నాను.

నీ పిల్ల

*

బెలోబ్రెగ్
3 మార్చి 2004

నా నెవేనా,

అవును, రాయలేదు. కోపమొచ్చింది. నా మాట పోగొట్టావనుకున్నాను. వార్డు తలుపు నా మొహం మీద వేసినప్పుడు పెంచెవ్‌ను కాదు, నిన్ను తిట్టుకున్నాను. నలభై ఏళ్ళు నేను తుడిచిన తలుపది. అయినా పోలేదు, నడవాలో బల్ల మీద కూర్చునేదాన్ని. లోపల రలిత్సా మళ్ళీ వచ్చి పడుకుందని నర్సులు చెప్పారు. జనవరంతా, ఫిబ్రవరంతా రోజూ పదింటికి బండి లోపలికి పోయేది, ఎవరో ఒక పిల్ల అరిచేది, నేను కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

ఇవాళ కూడా కూర్చున్నాను. హెడ్విగ్ పొద్దున్నే వచ్చి, మందు ఇవాళ్టి నుంచే అని చెప్పి, నా చెయ్యి నొక్కి లోపలికెళ్ళింది. కిటికీ బయట నది మీద మంచు పలకలు తేలుతూ పోతున్నాయి, వాటిని చూస్తూ చూస్తూ నేనూ ఎక్కడికో పోయాను. బండి చప్పుడుకు తెలివొచ్చింది. పది. బండి లోపలికి పోయింది. నేను కళ్ళు మూసుకుని ఆ అరుపు కోసం ఎదురుచూస్తున్నాను.

రాలేదు. ఐదు నిమిషాలయింది. పది నిమిషాలయింది. మందు ఎక్కువైందా, ఊపిరి ఆగిందా, ఏమైంది నా తల్లికి అని లేచి తలుపు తోసుకుని లోపలికి పరిగెత్తాను. పెంచెవ్ ఎదురొచ్చాడు. "స్తోయాంకా, నిన్ను రావద్దన్నానుగా!" అన్నాడు. "చంపేశారా దాన్ని?" అని అరిచాను. ఆయన పక్కకు తప్పుకున్నాడు. ఆయన మొహం కూడా అదోలా ఉంది.

మంచం మీద రలిత్సా దిండుకు ఆనుకుని కూర్చుని, ఒక నారింజ తొన ఒలుచుకుంటోంది. కాలి మీద తెల్లటి కొత్త కట్టు. నర్సు కత్తెరలు సర్దుకుంటోంది. హెడ్విగ్ కాగితం ఒళ్ళో పెట్టుకుని, ఇస్త్రీ చేసిన మాటలతో అడిగింది.

"రలిత్సా, నోటితో చెప్పాలి. నొప్పి పుట్టిందా?"

ఆ పిల్ల హెడ్విగ్‌ను చూసింది, నన్ను చూసింది, కాలి వైపు చూడనేలేదు.

"ఇంకా మొదలుపెట్టలేదుగా" అంది.

హెడ్విగ్ కాగితంలో రెండే గడులున్నాయట, అవును, కాదు. కలం పట్టుకుని ఎక్కడ రాయాలో తెలియక నా వైపు చూసింది. నేనేం చెప్పగలనమ్మా, ఏడుస్తున్నాను.

పెద్దమ్మ